తోటమాలి ద్రోహి కాదు

బొమ్మల కథ మీద అంత కోపమేందే అని మా అమ్మ అడిగింది. ఆ ఆదివారం మధ్యాహ్నం నేను లాప్‌టాప్ మూత వేసిన చప్పుడుకు పక్క గదిలో కునుకు తీస్తున్న నాన్న కూడా లేచి వచ్చాడు. ఏమని చెప్పను? ఐదేళ్ళ కింద నాకొక కథ తప్పుగా చదివి వినిపించారని, ఆ తప్పుడు కథను పట్టుకుని నేనూ నా గదివాళ్ళూ కలిసి ఒక అమ్మాయి చదువు మధ్యలో ఆగిపోయేట్టు చేశామని, ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసిందని చెప్పాలా? "ఏం లేదమ్మా" అన్నాను. ఏం లేకపోవడమేమిటి, ఒళ్ళంతా మండిపోతోంది. రాస్తుంటే ఇప్పటికీ మండుతూనే ఉంది.

2009లో నేను సూర్యాపేటలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది మిర్యాలగూడ. నాన్న బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో మా గదికి ఐదుగురం. అందులో ఇద్దరి గురించి చెబితే చాలు. హాస్టల్లో పేర్లకంటే ఊళ్ళే ఎక్కువ పలికేవి కాబట్టి ఇక్కడా వాళ్ళను ఊళ్ళతోనే పిలుస్తాను.

ఒకమ్మాయిది కోదాడ. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. కోదాడ దాటితే ఆంధ్రానే కదా, ఆమె మాటలో ఆ వాసన ఉండేది. "చూశావా", "వెళ్దామా" అంటుంటే మాకు సినిమా హీరోయిన్ మాట్లాడినట్టే ఉండేది. గదిలో లాప్‌టాప్ ఉన్నది ఆమెకొక్కదానికే. ఇంటి నుంచి పచ్చడి తెస్తే ముందు మా కంచాల్లో వేసి ఆ తర్వాతే తను వేసుకునేది. ఆమె అంటే మాకు ప్రాణం. ఈ మాట రాయడానికి కూడా ఇప్పుడు నాకు చిరాగ్గా ఉంది, కానీ నిజం అదే.

రెండో అమ్మాయిది త్రిపురారం. వాళ్ళ నాన్నకు గొర్రెలు, సాగర్ కాలువ కింద కొంచెం పొలం. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమెనే. మాటలు తక్కువ. రోజూ సాయంత్రం వార్డెన్ గదికి పోయి వార్డెన్ కూతురికి లెక్కలు చెప్పి వచ్చేది. వార్డెన్ అడిగితే కాదనలేక ఒప్పుకుంది. మేము మాత్రం అది వార్డెన్‌ను కాకా పట్టడం అనుకునేవాళ్ళం. ఆమె గొర్రెల ఊరి నుంచి వచ్చిందని చాటున ముక్కు మూసుకుని నవ్వేవాళ్ళు కూడా ఉన్నారు. నేను ముక్కు మూసుకోలేదు గానీ నవ్వాను.

ఆదివారం మెస్సులో చికెన్ తిన్నాక మా గదిలో సినిమా హాలు తెరుచుకునేది. హైదరాబాద్‌లో చదివే కోదాడ అమ్మాయి అన్న పెన్‌డ్రైవ్‌లో ఒక జపాన్ బొమ్మల సీరియల్ పంపేవాడు. చిన్నపిల్లల కార్టూన్ కాదు, సైన్సు కథ. భూమి పాడైపోతుంది. మిగిలిన కొద్దిమంది ఒక పెద్ద ఓడ నిండా విత్తనాలు నింపుకుని, చుక్కల మధ్య ఇంకో నేల వెతుక్కుంటూ పోతుంటారు. వెనక శత్రువుల ఓడలు తరుముతుంటాయి. మనవాళ్ళు ఏ గ్రహం చాటున దాక్కున్నా రెండు రోజుల్లో శత్రువులు సరిగ్గా అక్కడికే వచ్చేస్తారు. అంటే ఓడలో ఉన్నవాళ్ళే ఎవరో ఉప్పందిస్తున్నారు.

ఎవరన్నది ఇరవై మూడు ఎపిసోడ్ల దాకా చెప్పరు. కానీ చూస్తున్నంతసేపూ మా అనుమానమంతా తోటమాలి మీదే. ఆమె ఓడ అడుగున విత్తనాల తోట చూసుకుంటుంది. ఎక్కడో మంచు గ్రహంలో పుట్టింది, ఎవరితోనూ కలవదు, గోళ్ళ నిండా మట్టి. ఒంటరిగా ఒక పెట్టె ముందు కూర్చుని ఏవో మీటలు నొక్కుతుంటుంది. ఇక ఓడకు దారి చూపించే నావిగేటర్ ఉంది. ఎర్ర జుట్టు, ఎప్పుడూ నవ్వుతుంటుంది, అందరికీ అన్నం వడ్డిస్తుంది, కెప్టెన్‌కు ప్రాణస్నేహితురాలు. ఆమెను అనుమానించాలన్న ఆలోచన కూడా మాకెవరికీ రాలేదు.

మాటలు జపాన్ భాషలో, కింద సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో. కోదాడ అమ్మాయి తప్ప మేం నలుగురమూ తెలుగు మీడియం. ఒక వాక్యం కూడబలుక్కునేలోపు అది మాయమై ఇంకోటి వచ్చేది. కాబట్టి ఆమె మంచం నడుమ కూర్చుని, గొంతులు మార్చి మార్చి, తెలుగులో చెప్పుకుంటూ పోయేది. కెప్టెన్‌కు బొంగురు గొంతు, నావిగేటర్‌కు తన సొంత గొంతు. ఎంత బాగా చెప్పేదంటే కొన్నాళ్ళకు మేము కింద అక్షరాల వైపు చూడటమే మానేశాం.

మా నానమ్మకు అక్షరం ముక్క రాదు. మా బాబాయి నాగార్జున సాగర్‌లో పనిచేసినప్పుడు ఉత్తరాలు రాసేవాడు. ఉత్తరం వస్తే నానమ్మ పొద్దున ఒకరితో, సాయంత్రం ఇంకొకరితో చదివించుకునేది. "సదివెటోళ్ళ నోట్ల ఏముంటదో మనకేమెర్క బిడ్డా? ఇద్దరితోని సదివిస్తె అబద్ధమేడుందో అదే బయటపడ్తది" అనేది. ఆమె చాదస్తానికి నేను నవ్వేదాన్ని. ఎంసెట్ రాసి ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్న నాకు ఆ ముసలామెకున్నపాటి తెలివి లేకపోయింది.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం వార్డెన్ మా గదికి వచ్చింది. హాస్టల్లో ఫోన్లు ఉండకూడదు. అందరి దగ్గరా ఉండేవి. నాది సబ్బుపొడి డబ్బాలో, అడుగున, పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టాను. ఇంకొకమ్మాయిది పరుపు కుట్టు విప్పి లోపల దాచింది. వార్డెన్ వెతకలేదు. నేరుగా వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టింది. తర్వాత నేరుగా పోయి పరుపు కుట్టులో వేలు పెట్టింది. పక్క గదుల్లోనూ అంతే. అరగంటలో పదకొండు ఫోన్లు ఆమె కొంగులో పడ్డాయి.

మర్నాడు నాన్న డ్యూటీ మానుకుని మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వచ్చాడు. ప్రిన్సిపాల్ గది బయట గంటసేపు నిలబెట్టారు. లోపలికి పిలిచాక, ఆడపిల్లకు ఫోనెందుకు, అది ఎవరితో మాట్లాడుతోందో ఎప్పుడైనా కనుక్కున్నావా అని అడిగారు. నేను మాట్లాడింది అమ్మతో. కానీ ఆ మాట ఎవరు వింటారు? నాన్న చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. బాయిలర్ సెగకు కమిలిన ఆ చేతులు చూస్తుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా గది గుట్టు బయటపెట్టినవాళ్ళ అంతు చూడాలనిపించింది. పోయేటప్పుడు నాన్న నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఎవరు చెప్పి ఉంటారు? దీనికి మేం ఎక్కువ ఆలోచించలేదు. రోజూ వార్డెన్ గదికి పోయేది ఎవరు? త్రిపురారం అమ్మాయి. ఐదుగురిలో ఫోన్ లేనిది ఎవరికి? త్రిపురారం అమ్మాయికి. లేనిదానికి ఉన్నవాళ్ళను చూస్తే కడుపుమంట ఉండదా? అంతే, తేలిపోయింది. అయినా అడగడానికి ఇంకా కొంచెం జంకుతున్నాం. ఆ జంకును ఆదివారం నాటి ఎపిసోడ్ పోగొట్టింది.

ఆ రోజు ఇరవై నాలుగో ఎపిసోడ్. ఐదుగురం ఉన్నాం. త్రిపురారం అమ్మాయి ఎప్పటిలాగే గోడ వారగా తన ఇనప్పెట్టె మీద కూర్చుంది. తెర మీద కెప్టెన్, నావిగేటర్ ఇద్దరే ఒక గదిలో ఉన్నారు. నావిగేటర్ మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. కోదాడ అమ్మాయి చెప్పడం ఆపేసింది. చున్నీతో మొహం తుడుచుకుంది. "ఏమంటుందే, చెప్పు" అని నేనే ఆమె మోచేయి పొడిచాను.

"కనిపెట్టేసింది. ఇన్నాళ్ళూ మన గుట్టు బయటపెట్టింది తోటమాలేనంట. తన కళ్ళతో చూసిందంట. కెప్టెన్‌కు చెప్పలేక ఇన్నాళ్ళూ కుమిలిపోయిందంట" అంది.

మాకు ఆశ్చర్యం కూడా కలగలేదు. మేం ముందే అనుకున్నాం కదా! చూశావా నేను చెప్పలేదా అంటే నేను చెప్పలేదా అనుకుంటున్నాం. ఆ సందట్లో గోడ దగ్గర నుంచి త్రిపురారం అమ్మాయి గొంతు వినబడింది.

"గట్ల లేదు గద. నేనే చేసిన అంటుంది ఆమె. కింద గట్లనే రాసుంది."

కోదాడ అమ్మాయి గబుక్కున వెనక్కి తిరిగింది. "నువ్వు చదివావా? అయితే మొత్తం చెప్పు, వింటాం" అంది.

త్రిపురారం అమ్మాయి తెర వైపు కళ్ళు చికిలించింది. వాక్యాలు పరుగెత్తుతున్నాయి. "తమ్ముడు... వాళ్ళ తాన... ఏదో..." అని ఆగిపోయింది.

అప్పుడు నేనన్నాను. ఇంకెవరో కాదు, నేను. "గొర్ల కాడ నేర్సినవా ఇంగ్లీషు? నోరు మూస్కొని కూసో."

గది గొల్లుమంది. నవ్వు ఆగాక చూస్తే ఆమె తల దించుకోలేదు, ఏడవలేదు, తెర వైపే చూస్తోంది. తెర మీద తోటమాలి తన పెట్టె చంకన పెట్టుకుని ఒక చిన్న పడవ ఎక్కుతోంది. ఎక్కేముందు వెనక్కి తిరిగి ఒక్క మాట చెప్పింది. "నన్ను క్షమించండి అంటోంది" అని కోదాడ అమ్మాయి చెప్పింది. ఓడలోవాళ్ళంతా గుండెల మీద చేతులు పెట్టుకుని ఏడుస్తున్నారు. ద్రోహి పోతుంటే వీళ్ళెందుకు ఏడుస్తున్నారని నాకు అనుమానం వచ్చి అడిగాను కూడా. "నమ్మినవాళ్ళు మోసం చేస్తే ఏడుపు రాదా ఏంటి?" అంది. నిజమే కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం త్రిపురారం అమ్మాయి లెక్కలు చెప్పడానికి పోగానే మేము ఆమె ఇనప్పెట్టె, పరుపు, బకెట్ తీసి వరండాలో పెట్టాం. పెట్టెకు ఒక పక్క పిడి పట్టుకున్నది నేను. తిరిగొచ్చి చూసి, "నేను చెప్పలె. మా అమ్మతోడు, నేను చెప్పలె" అంది. మేము తలుపు వేసుకున్నాం. మీలో మీరు సర్దుకోండి అని వార్డెన్ చెప్పి ఊరుకుంది. ఉప్పందించింది ఎవరో ఆ మహాతల్లికి తెలుసు. ఒక్క మాట, ఈ పిల్ల కాదు అన్న ఒక్క మాట ఆమె నోటి నుంచి వచ్చి ఉంటే సరిపోయేది. తన కూతురికి రోజూ లెక్కలు నేర్పిన పిల్ల కోసం ఆ ఒక్క మాట ఖర్చు చేయలేదు. మా గదిలో జరిగింది హాస్టలంతా పాకింది. ఏ గదివాళ్ళూ ఆమెను రానివ్వలేదు.

మూడో రోజున వాళ్ళ ఊరికి పోయింది. కొన్నాళ్ళు త్రిపురారం నుంచి మిర్యాలగూడకు ఒక బస్సు, మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు ఇంకో బస్సు ఎక్కి వచ్చింది. మొదటి రెండు క్లాసులు ఎప్పుడూ అందేవి కావు. హాజరు తక్కువైందని పరీక్షలకు కూర్చోనివ్వలేదు. ఆ తర్వాత రావడం మానేసింది. మేం సాటి పిల్ల చదువు పోయిందని ఒక్క పూట కూడా బాధపడలేదు. తిక్క కుదిరింది అనుకున్నాం.

2014కు వస్తే, నేను మిర్యాలగూడలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకుని రెండేళ్ళు పాఠాలు చెప్పేసరికి చదవడం బాగానే అలవాటైంది. ఒకరోజు లంచ్ అప్పుడు ఇద్దరు ఆడపిల్లలు ఆ విత్తనాల ఓడ కథ మాట్లాడుకుంటున్నారు. మాకు తెలియదనుకుంటున్నారా అన్నట్టు నేనూ దూరాను. ఆ తోటమాలి భలే ద్రోహం చేసింది కదా అన్నాను.

"కాదు మేడం, ద్రోహం చేసింది నావిగేటర్ కద" అంది ఒకమ్మాయి.

"నువ్వు సరిగ్గా చూడలేదు. నేను ఎప్పుడో చూసిన, తోటమాలే" అన్నాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు. గొంతు పెంచి, వేలు చూపించి, ఏదో న్యూటన్ సూత్రం గురించి వాదించినట్టు వాదించాను. ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. శనివారం ఆ పిల్ల పెన్‌డ్రైవ్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఒక్కసారి సూడండి మేడం" అంది.

ఆదివారం మధ్యాహ్నం చూశాను. ఇరవై నాలుగో ఎపిసోడ్. నావిగేటర్ మోకాళ్ళ మీద కూలబడింది. ఈసారి అక్షరాలు నాకు అందుతున్నాయి. నేనే చేశాను అంటోంది. నా తమ్ముడు వాళ్ళ చేతిలో ఉన్నాడు, ఒక్కసారి చెబితే వదిలేస్తామన్నారు, ఒక్కసారితో ఆగలేదు అంటోంది. నీ పక్కనే కూర్చుని, నీ కంచంలో అన్నం వడ్డించి, నిన్నే అమ్మేశాను అంటోంది. నేను వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. మళ్ళీ తిప్పాను. నాలుగుసార్లు చూశాను. అందులో తోటమాలి మాటే లేదు.

తోటమాలికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. నావిగేటర్‌ను బయటపెట్టకుండా, శత్రువులు దగ్గరికొచ్చిన ప్రతిసారీ వాళ్ళకు తప్పుడు ఆనవాళ్ళు పంపి ఓడను కాపాడటానికే ఆ మీటలు నొక్కేది. ఇక ఆ ఉపాయం కూడా సాగదని, పెట్టెను తన పడవలో పెట్టుకుని శత్రువులను తన వెంట తిప్పుకుని పోవడానికి బయల్దేరింది. వెనక్కి తిరిగి చెప్పిన మాట క్షమించమని కాదు. "సాయంత్రం మొక్కలకు నీళ్ళు పెట్టండి" అని. ఓడలోవాళ్ళు అందుకే ఏడ్చారు.

ఆ కథ రాసినవాళ్ళెవరో గానీ మాలాంటివాళ్ళ చెంప పగలగొట్టడానికే ఆ మలుపు పెట్టారు. నోరు లేనిదాన్ని, మట్టి చేతులదాన్ని ఇన్నాళ్ళూ అనుమానించారు కదా, తీసుకోండి అని. మాకు తగలాల్సిన ఆ దెబ్బను కోదాడ అమ్మాయి దారిలోనే తీసేసింది. మేం ముందే అనుకున్న చెత్తనే మాకు మళ్ళీ వడ్డించింది. మేము లొట్టలేసుకుని తిన్నాం. అప్పుడే లాప్‌టాప్ మూత విసురుగా వేశాను.

పాత క్లాస్‌మేట్ దగ్గర నంబరు తీసుకుని సాయంత్రం కోదాడ అమ్మాయికి ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ఉందట. "నువ్వా! ఎన్నాళ్ళకే!" అని సంబరపడింది. సరిగ్గా ఆ ఒక్క చోటే కథ ఎందుకు మార్చిందన్న అనుమానం నన్ను తినేస్తోంది. సూటిగా అడిగాను, ఫోన్ల సంగతి వార్డెన్‌కు చెప్పింది నువ్వేనా అని.

"ఇప్పుడెందుకే అవన్నీ?" అంది.

"నాకు ఇప్పుడే తెలిసింది కాబట్టి."

"వార్డెన్ లాప్‌టాప్ తీసేసుకుంటానంది. ఎవరి దగ్గర ఫోన్లున్నాయో చెబితే వదిలేస్తానంది. లాప్‌టాప్ పోతే మీరు మాత్రం ఏం చూసేవాళ్ళు? ఒకరకంగా మీ కోసమే కదా చేశాను" అంది. మా నాన్నను గంటసేపు నిలబెట్టింది నా కోసమట! నాకు కళ్ళు ఎర్రబడ్డాయి.

"మరి కథెందుకు మార్చినవ్?"

"నేనే చేశాను అని నా నోటితో ఎలా చదవనే? చదువుతుంటే మీరంతా నా మొహమే చూస్తున్నట్టనిపించింది. నోటికేదొస్తే అది చెప్పేశాను." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. మేమెవరమూ ఆమె మొహం చూడలేదు. చూసి ఉంటే అప్పుడే దొరికిపోయేది. ఆ తర్వాత ఆమె ఇంకో మాట అంది. "ఆ పిల్లను మీరు బయటికి గెంటుతారని నేనేమైనా కలగన్నానా? పెట్టె మోసింది నువ్వు కదా."

ఫోన్ కట్ చేశాను. ఆమె చెప్పిన మాటల్లో ఆ ఒక్కటి మాత్రం పచ్చి నిజం.

మా కాలేజీ ఆయాది త్రిపురారం వైపే. అడిగితే వెంటనే గుర్తుపట్టింది. "గా పిల్లనా? మన మిర్యాలగూడలనే ఉంది గద మేడం. మిల్లుల తొవ్వల ధర్మకాంట కాడ కంప్యూటర్ మీద కూసుంటది" అంది. వడ్ల లారీలు బరువు తూచే కాటా అది. నేను రోజూ కాలేజీకి పోయే దారి. రెండేళ్ళుగా ఆ గది ముందు నుంచే పోతున్నాను.

మర్నాడు క్లాసులయ్యాక పోయాను. లారీల వరుసలో నుంచి ఆ కిటికీ దాకా చేరేసరికి చీర కొంగంతా ఊక దుమ్ము. లోపల ఆమె. కొంచెం లావైంది, అంతే. నన్ను చూసి లేవలేదు.

"ఏం పనిమీదొచ్చినవ్?" అంది.

"ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. నేను మళ్ళీ చూసిన. నావిగేటరే చేసింది. మన ఫోన్ల సంగతి చెప్పింది కూడా..."

"ఎవరో నాకెర్కనే. నాకెందుకు చెప్తున్నవ్? నేను ఆ పొద్దే సదివిన గద" అంది. కాటా మీదికి లారీ ఎక్కింది. నంబరు కొట్టి, చీటీ తీసి, డ్రైవర్ చేతికిచ్చింది. "మరి గట్టిగ ఎందుకు చెప్పలేదని అడుగుతవ్ ఇగ. చెప్పిన. నువ్వే నోరు మూస్కొమ్మన్నవ్."

క్షమించమన్నాను. అప్పుడు ఆమె నన్ను మొదటిసారి సూటిగా చూసింది. "నీ సదువైంది, నౌకరైంది, ఇగ తీరిక దొరికి యాదికొచ్చిన్నా? మా నాయినకు ఏం చెప్పిన్నో ఎర్కనా నీకు? బొమ్మల కథ సూసి నన్ను దొంగను చేసిండ్రంటె ఆయనకు సమజైతదా? సదువు నాకే ఎక్కలేదని చెప్పిన. ఇప్పటికి గదే అనుకుంటున్నడు" అంది. గొంతు పెంచలేదు గానీ చేతిలోని చీటీల కట్టను బల్లకేసి కొట్టింది. "గా తోటామె ఏమైంది? నేను పోయినంక ఇంకో రెండు ఎపిసోడ్లు ఉండె గద. బతికిందా?"

"లేదు. ఆమె పడవను పేల్చేసిండ్రు."

"సూసి మీరేమన్నరు?"

బాధపడ్డామని చెప్పడం ఎంత సులువు! "చప్పట్లు కొట్టినం" అన్నాను.

ఆమె మళ్ళీ కాటా వైపు తిరిగింది. రెండు లారీలు పోయాయి. "ఆరింటికి మా నాయిన నన్ను తీస్కపోనీకొస్తడు. ఉండు. గిదంత ఆయనకు చెప్పు. ఒక్క మాట ఇడిసిపెట్టకుంట చెప్పు" అంది.

ఉన్నాను. ఆరు దాటాక ఆయన టీవీఎస్ బండి మీద వచ్చాడు. తలకు రుమాలు, బక్క మనిషి. ఆమె నన్ను చూపించి, "నాయినా, గీమె నాతోని సదివింది. నీకేదో చెప్తదంట" అంది. కాటా గది అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. ఓడ, విత్తనాలు, ఫోన్లు, వార్డెన్, అన్నీ చెప్పుకుంటూ వచ్చాను. నేనన్న ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఆగాను. గొర్లు కాసే మనిషి మొహం మీద ఆ మాట ఎట్లా అనను? నేనేదో అన్నాను, మీ అమ్మాయి బాధపడింది అని దాటేద్దామనుకున్నాను. అట్లా దాటేసినా ఆయనకు తెలిసేది కాదు. కిటికీలో నుంచి ఆమె నన్నే చూస్తోంది.

"గొర్ల కాడ నేర్సినవా ఇంగ్లీషు, నోరు మూస్కొని కూసో అన్న" అని చెప్పాను.

ఆయన రుమాలు తీసి మోకాలి మీద వేసుకున్నాడు. "గొర్ల కాడనే నేర్సింది. సెలవులకొచ్చినప్పుడల్ల నా ఎంబడి వచ్చి, బండ మీద కూసోని, ఇంగ్లీషు పేపరు గట్టిగ సదువుకునేది. మందను తోల్కపోయె యాళ్ళకు గూడ లేవకపోయేది" అన్నాడు. నా వైపు చూడకుండా లేచి కిటికీ దగ్గరికి పోయాడు. "గీ ఐదేండ్ల సంది నీకు సదువెక్కలేదని ఊరంత చెప్పుకుంట తిరిగిన గదనే" అన్నాడు.

ఆమె కంప్యూటర్ ఆపేసి, గదికి తాళం వేసి వచ్చి బండి వెనక కూర్చుంది. ఆయన బండి తీయకుండా చాలాసేపు అట్లాగే హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.